సామాన్యాన్ని బయటికి తీస్తే

ఒకానొక రాజ్యంలో ఉత్తుంగభూపతి అనే రాజు కొండ మీద కోట కట్టుకుని ఏలేవాడు. చెడ్డవాడని నేననను. కాని తాను తలుచుకుంటేనే తెల్లవారుతుందని నమ్మే రకం. అలా నమ్మించేవాళ్లు చుట్టూ ఉండనే ఉన్నారు.

ఒక సంవత్సరం వానలు లేవు. కోటలోని మూడు దిగుడుబావుల్లో రెండు ఎండిపోయాయి. మూడోదాంట్లో నీళ్లు అడుగంటుతుంటే రాజు ఆజ్ఞ ఇచ్చాడు. పున్నమిలోగా సామాన్యులందరూ కోట విడిచి కిందికి దిగిపోవాలి. తన గడప, కొలువులోని ఐదుగురు పెద్దల గడపలు, మొత్తం ఆరు మాత్రమే లోపల ఉంటాయి. కొండ కింద పది కోసుల దాకా చుక్క నీరు లేదని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ నోరు విప్పలేదు.

ఆ పెద్దల్లో ఒకడు గణితాచార్యుడు విశ్వంభరశర్మ. రాజు మనసు కొంచెం బరువుగా ఉందని కనిపెట్టి, ఆ బరువు దించడానికి నిండుకొలువులో ఒక లెక్క చదివాడు.

"ఏడుకు ఇరవయ్యో ఘాతంలోంచి ఏడుకు పంతొమ్మిదో ఘాతాన్ని తీసివేయాలి. వచ్చినదాన్ని మళ్లీ ఏడుకు పంతొమ్మిదో ఘాతంతో భాగించాలి. ఈ కోటలో ఉండదగిన గడపలెన్నో ఆ జవాబే చెబుతుంది."

ఇరవయ్యో ఘాతమంటే ఏడును ఇరవై చోట్ల వేసి అన్నిటినీ హెచ్చించడం. ఆ గుణకారాలకు ఆచార్యుడికి మూడు రోజులు పట్టిందట. పలకలు చాలక మేడ మీద ఇసక పరిచి, అందులో వేశాడట. రాజు పొంగిపోయాడు. సామాన్యుల్లో ఎవడైనా ఒక్క గడియలో ఈ లెక్క తేలిస్తే వాడి ఇల్లు కోటలోనే ఉండవచ్చునన్నాడు. వేళాకోళానికే అన్నాడు.

కొలువులో ఒక మూల గడియల సింగన్న ఉన్నాడు. అడుగున చిల్లున్న రాగి గిన్నెను నీళ్లతొట్టిలో వదలడం, అది నిండి మునగగానే జేగంట కొట్టడం వాడి పని. ఒకసారి మునిగితే ఒక గడియ. వాడి భార్య పేరమ్మకు నెలలు నిండాయి. ఈ ఎండలో కొండ దిగితే ఆమె బతకదని మంత్రసాని ముందురోజే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి సింగన్నకు ముద్ద దిగలేదు.

వాడు గిన్నెను తొట్టిలో వదిలి, ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ఏలినవారు సెలవిస్తే చెబుతాను. ఏడును పంతొమ్మిది చోట్ల వేసి హెచ్చిస్తే ఎంతొస్తుందో నాకు తెలియదు. దాన్ని ఒక ముద్ద అనుకుంటాను. ఇరవయ్యో చోట ఉన్న ఏడు ఆ ముద్దను ఏడింతలు చేస్తుంది. అంటే పెద్దది ఏడు ముద్దలు. తీసేయమన్నది ఒక ముద్ద. మిగిలినవి ఆరు ముద్దలు. మనిషికో ముద్ద చొప్పున పంచితే ఆరుగురికి వస్తుంది. జవాబు ఆరు. ముద్దలో మెతుకులు లెక్కపెట్టే పని నాకు పడలేదు."

గిన్నె ఇంకా సగం కూడా నిండలేదు. కొలువంతా ఆచార్యుడి వైపు చూసింది. మూడు రోజుల ఇసకా ఆయన కళ్లలోనే పడ్డట్టయింది. అయినా పాండిత్యం ఊరుకోదు కదా. ఇందులో వింతేముంది, ఇది మా శాస్త్రంలో ఉన్నదేనన్నాడు. ఉన్నదాన్ని మూడు రోజులు ఎందుకు మరిచిపోయాడో ఎవరూ అడగలేదు.

"నువ్వు ముద్ద అన్నదాన్ని మేము సామాన్యం అంటాం. రెండింటిలోనూ ఉన్న ఆ సామాన్యాన్ని గిరి గీసి బయటికి తీస్తే, గిరి లోపల ఏడులోంచి ఒకటి పోయి ఆరు మిగులుతుంది. అంతే."

సింగన్న తలెత్తాడు.

"బాగా సెలవిచ్చారు అయ్యవారూ. కాని బయటికి తీసినది ఎక్కడికీ పోలేదు గదా. గిరి పక్కనే నిలబడి లోపలివాళ్లను హెచ్చిస్తూనే ఉంది. అది ఉన్నంతసేపూ ఆ ఆరుకు అంత విలువ. తరవాత దాన్ని కొట్టేశారు. అప్పుడే అది వట్టి ఆరు అయింది." వాడు రాజు వైపు తిరిగాడు. "మమ్మల్ని బయటికి తీయడమే కాదు ప్రభూ, నీళ్లు లేనిచోటికి తోసి కొట్టేస్తున్నారు. మేం పోయాక ఉత్తుంగభూపతి రాజ్యమెంత అని ఎవరైనా అడిగితే, జవాబు ఆరు."

రాజు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చేతులకు నీళ్లు తోడడం రాదు, కుండ చేయడం రాదు, అన్నం వండడం రాదు. మిగతా ఐదుగురి చేతులూ అంతేనని చూడకుండానే తెలిసింది. మొదటిసారిగా ఆయనకు భయం వేసింది.

ఈలోగా తొట్టిలో గిన్నె నిండి బుడుంగున మునిగింది. జేగంట మోగలేదు.

"గడియ అయింది. గంట కొట్టవేమిరా?" అన్నాడు రాజు.

"నా ఒక్క ఇల్లూ ఉంచుతానన్నారు, ప్రభువుల దయ. దాన్ని నేనేం చేసుకోను? నా భార్యకు పురుడు పోయాల్సిన మంత్రసాని కూడా సామాన్యురాలే. మావాళ్లతో పాటు నన్నూ బయటికి తీసేయండి. ఇక మీదట గడియ ఎప్పుడైందో ఆచార్యులవారు హెచ్చించి చెబుతారు."

విశ్వంభరశర్మ మేడ మీద ఇసకలో బోర్లాపడి గడియలు హెచ్చించడం రాజు కళ్లకు కట్టింది. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉంటే కళ్లు చెమర్చాయి. ఆ వేసవిలో కోటలో కొత్తగా ఊరిన నీళ్లు అవేనని తరవాత జనం చెప్పుకున్నారు.

ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. రాజు తన కంకణం తీసి సింగన్న చేతికి తొడిగాడు. మూడో బావి నీళ్లు ఇంటికింత అని కొలిచి పంచాలనీ, తన ఇంటికీ అంతేననీ చెప్పాడు. ఆ నీళ్లు వానల దాకా సరిపోయాయి. రాజుగారి పూలతోట మాత్రం ఎండిపోయింది.

పున్నమి నాడు పేరమ్మ కోటలోనే ప్రసవించింది. సింగన్న ఆ పూట ఇంటి దగ్గరే ఉండిపోయాడు. తొట్టి పక్కన కూర్చుని, గిన్నె మునిగిందా లేదా అని వంగి వంగి చూస్తూ జేగంట కొట్టినవాడు విశ్వంభరశర్మ. అది రాజాజ్ఞ.