పురుగు కొరికిన మందారం

"తోటలో చూసేది ఒక పువ్వు, గుడ్డ మీద వేసేది ఇంకో పువ్వు. అట్లాంటప్పుడు మమ్మల్ని రోజూ ఆ చెట్ల ముందర ఎందుకు కూర్చోబెడతారయ్యవారూ?" అని అడిగింది మునిలక్ష్మి.

అడిగింది కలంకారీ గురువు చెంగల్రాయుణ్ణి. ఆయన దగ్గర పని నేర్చేవాళ్ళు కలం ముట్టకముందు పెరట్లో ఏదో ఒక పూలచెట్టు ముందర కూర్చుని, ఆయన 'లెయ్యి' అనేదాకా దాన్నే చూడాలి. అంతసేపు చూసి లోపలికొచ్చి గీసేది మాత్రం పెద్దల నాటి పువ్వే. రేకులన్నీ ఒకే కొలత, ఎక్కడా మచ్చ ఉండదు. గురువు, "గంగమ్మ గుడ్డ పూర్తి కానీ, చెప్తా" అన్నాడు.

గంగమ్మ గుడ్డంటే జాతరలో అమ్మవారి వెనకాల కట్టే తెర. నిండా మందారాలు. నల్లగీతలు గురువే గీశాడు. రేకుల్లో పటికనీళ్ళు నింపే పని మునిలక్ష్మికి అప్పజెప్పాడు. పటికనీళ్ళు ఆరితే కంటికి ఆనవు. ఎర్రరంగు దిగే చెట్టువేళ్ళు వేసిన గంగాళంలో గుడ్డ ఉడికితేనే పటిక తగిలినచోటల్లా ఎరుపు లేస్తుంది, తగలనిచోట తెల్లగా మిగిలిపోతుంది. అందాకా చేసిన మంచీ చెడూ చేసిన చేతికొక్కదానికే ఎరుక.

ఆ పొద్దు తోటలో ఆమె చూసి వచ్చిన మందారానికి రేకు నడుమ పురుగు కొరికిన బొక్క ఉండింది. ఏం బుద్ధి పుట్టిందో, తెర మీద కూడా ఒక రేకులో అంత మేర పటిక తగలనీయకుండా వదిలేసింది. వదిలేటప్పుడు లోలోపల సంబరంగానే ఉండింది. గుడ్డ గంగాళంలో దిగినాక గుర్తొచ్చింది, పురుగు తిన్న పువ్వు అమ్మవారికి పెట్టరని. పెట్టిన ఇంట్లో పిల్లల ఒంటిమీద పొక్కులు లేస్తాయని వాళ్ళమ్మ అనేది. మునిలక్ష్మికి ఇద్దరు పిల్లలు.

కర్రతో గుడ్డను తిప్పుతా ఉంటే, మడత మడత పైకి తేలినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకునింది. చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని కర్రనే తిప్పింది. గురువు సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఒకప్పుడు ఒక శిష్యుడు ఆకు తొడిమ వంకరగా గీసి, 'ఇదీ బాగానే ఉంది కదా' అన్నాడు. ఆ శిష్యుడికి ఇప్పుడు మనవలు. అయినా వీధిలో ఎదురుపడితే గురువు గోడవైపు తిరుగుతాడు. తిరగాల్సిందే. తప్పు చెయ్యొచ్చు గానీ, తప్పుకు వకాల్తా పుచ్చుకోకూడదు.

గుడ్డను స్వర్ణముఖి ఏటినీళ్ళలో ఉతికి ఇసుక మీద పరిచేసరికి గుడి ధర్మకర్త పట్టాభి రానే వచ్చాడు. ఎర్రటి మందారాలు చూసి ముఖం విప్పారింది. అటు నుంచి ఇటు నడుస్తూ ఒకచోట టక్కున ఆగి వంగాడు.

"ఇదేంది అయ్యవారూ? బొక్క! జాతర ముందర అమ్మకు పురుగు తిన్న పువ్వా? ఊళ్ళో ఏ బిడ్డకు ఒళ్ళు కాలినా నా గడప కాడికొస్తారు. ఇది నేను తీసుకుపోను."

గురువు వచ్చి చూశాడు. మునిలక్ష్మి వైపు తిరిగాడు.

"ఏమ్మే?" అన్నాడు.

"నేనే వదిలిపెట్టినా. తోటలో పురుగు కొరికిన..." అని ఆగి, ఆయన ముఖం ఎప్పుడు అటు తిప్పుకుంటాడా అని చూస్తా నిలబడింది.

"ఏ పురుగు?" అన్నాడు గురువు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తరవాత మెల్లిగా చెప్పింది. "నల్లది. పెంకు మీద పసుపు పట్టీలు. తల బొక్కలోకి దూర్చి, వెనకకాలు ఒకటి పైకెత్తి తింటా ఉండింది."

"మరి గుడ్డ మీద ఆ పురుగేది? బొక్క వేసి పురుగును దాస్తే దాన్ని చూపు అనరు, తప్పు అంటారు."

ఆయన ఇంటినుంచి సరంజామా తెప్పించి, నలుపు పట్టేందుకు ఆ మేర కరక్కాయ నీళ్ళు అద్ది, ఆరినాక కలాన్ని నలుపులో ముంచి ఆమె చేతికిచ్చాడు.

"వెయ్యి."

"చెయ్యి తప్పితే?"

"తెర చెడుతుంది. నలుపు ఉతికినా పోదని నేను చెప్పాల్నా?"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. గంగమ్మా, నా బిడ్డల మీదికి పోవద్దు తల్లీ, అనుకుంటా ఉన్ని చుట్టిన కలాన్ని నొక్కింది. గీత మొదట మురికినీళ్ళ మాదిరి పాలిపోయి దిగింది. చూస్తా ఉంటే మెల్లగా నల్లబడింది. తల కుదిరింది, పెంకు కుదిరింది. పైకెత్తిన కాలు దగ్గర వేళ్ళు వణికి గీత వంకర పోయింది.

"కాలు వణికిందే!" అన్నాడు పట్టాభి.

"ఇంత పెద్దమనిషి మీద మీద వంగి చూస్తా ఉంటే పురుగు వణకదా?" అన్నాడు గురువు.

పట్టాభి నవ్వలేదు. "ఎట్లయినా తిన్న పువ్వే కదా!"

"ఆ లెక్క కోసిన పువ్వుకు. ఇది ఇంకా చెట్టు మీదే ఉంది. చూడు, తింటా ఉంది."

పట్టాభి మళ్ళీ వంగి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, తెరను చేత్తో తాకి కళ్ళకద్దుకుని, "పసుపూ నీలమూ వేసినాక కబురు చెయ్యండి" అని గట్టెక్కి వెళ్ళిపోయాడు.

మునిలక్ష్మి కలాన్ని గురువు చేతికి తిరిగిచ్చింది. "నన్ను పంపేస్తారా అయ్యవారూ?" అంది.

గురువు ఏటినీళ్ళలో కలం కడుక్కుంటా ఉన్నాడు. తల ఎత్తలేదు.

"పువ్వును మా తాత ఇచ్చిపోయినాడమ్మే," అన్నాడు. "పురుగును ఇయ్యలేకపోయినాడు. దానికే మిమ్మల్ని చెట్ల ముందర కూర్చోబెట్టేది."