కత్తిరించని కూపన్

2013 డిసెంబరు. చలి బాగా ముదిరిన రోజులు. హైదరాబాదులో ఒక పెళ్లిళ్ల హాలు రెండు రోజులకు అద్దెకు తీసుకుని పాత బొమ్మల కథల పుస్తకాల మేళా పెట్టారు. వధూవరులు కూర్చునే వేదిక మీద కూడా బల్లలు వేశారు. బల్లకొక వ్యాపారి. ప్రతి పుస్తకానికీ ఒక ప్లాస్టిక్ కవరు, లోపల వంగకుండా ఒక అట్టముక్క. కొనేవాళ్లు భూతద్దాలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

కిటికీ పక్క బల్ల గుంటూరు మీరావలి గారిది. ఈ వ్యాపారంలో ఆయన ఎరగని పుస్తకం లేదు, ఆయన్ని ఎరగని వ్యాపారి లేడు. ఆయన పక్కన స్టూలు మీద పైడిరాజు కూర్చున్నాడు. విజయనగరం వాడు. ఒక పుస్తకం కొనడానికని గుంటూరు వెళ్లి, ఐదేళ్లుగా ఆయన దగ్గరే ఉండిపోయాడు.

ఆ ఐదేళ్లలో పైడిరాజు పని బాగా నేర్చాడు. నీళ్లు తగిలి ఆరిన అంచు, తర్వాత మార్చిన పిన్ను, వేరే పుస్తకం నుంచి తెచ్చి అతికించిన అట్ట, ఏదైనా సరే వేలితో తడిమి చెప్పేవాడు. అమ్మడానికొచ్చినవాళ్లు అతను పెట్టే వంకలు వినలేక సగం ధరకే ఇచ్చి పోయేవాళ్లు. కొనడానికొచ్చినవాళ్లకి అవే పుస్తకాలు అతని నోట మెరిసిపోయేవి.

అయినా బల్ల మీరావలి గారి పేరు మీదే ఉంది. పైడిరాజు స్టూలు మీదే ఉన్నాడు. అదే అతని బాధ.

ఆ ఉదయం పుస్తకాలు సర్దుతూ అడిగేశాడు.

"ఉస్తాద్, నాకింకా రానిదేమిటి?"

"టీ తాగావా?" అన్నాడాయన.

"తాగాను. నేనడిగింది చెప్పండి."

"నువ్వు పళ్ల డాక్టరువి కావలసినవాడివిరా అబ్బాయ్. ఎవరు నోరు తెరిచినా ముందు పుచ్చుపన్నే కనిపిస్తుంది నీకు."

పక్క బల్లవాడు నవ్వాడు. పైడిరాజుకు నవ్వు రాలేదు. అతని మనసు మధ్యాహ్నం రాబోయే నాయుడు గారి మీద ఉంది.

శేషగిరి నాయుడు గారిది చీమకుర్తి. గ్రానైటు వ్యాపారం. 'ఉక్కు జటాయువు' అని ఒకప్పుడు ఒక బొమ్మల కథల వరస వచ్చేది. ఉక్కు రెక్కలు తొడుక్కుని ఎగిరే వీరుడి కథలు. ఆ వరసంతా ఆయన దగ్గరుంది, మొదటి సంచిక తప్ప. పోయినేడు ఆయన పైడిరాజు భుజం మీద చెయ్యేసి చెప్పాడు. "ఆ ఒక్కటీ నీ చేత్తో తెచ్చిపెట్టవయ్యా. మరుసటేడు నీ పేరున బల్ల నేను వేయిస్తా. ఇక ముందు ఏం కొన్నా నీ దగ్గరే కొంటా."

ఏడాదిగా పైడిరాజు ఆ పుస్తకం కోసం వెతకని ఊరు లేదు.

అది తనంతట తానే నడిచొచ్చింది.

పదకొండు దాటాక ఒకావిడ బల్ల ముందు నిలబడింది. అరవయ్యేళ్లుంటాయి. తెల్ల చీర, నల్ల స్వెట్టరు, చేతిలో ఎక్స్‌రే కవరు. పేరు ఎస్తేరు రాణి అనీ, ఖమ్మం పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాననీ చెప్పింది. ఎక్స్‌రే కవరులోంచి పుస్తకాన్ని రెండు చేతులతో, బాలింత చేతికి బిడ్డను అందించినట్టు, బయటికి తీసింది.

"డబ్బు కోసమని కాదు బాబూ. నాకు పిల్లల్లేరు. నేను పోయాక దీన్ని ఎవరో పాత పేపర్లతో కలిపి తక్కెట్లో వేస్తారు. విలువ తెలిసినవాళ్ల చేతిలో పెట్టి పోదామని వచ్చాను."

పైడిరాజు అట్ట చూశాడు. ఉక్కు జటాయువు, మొదటి సంచిక. గుండె ఒక్కసారి ఎగిరిపడింది. మొహం మాత్రం కదల్లేదు. అదీ ఆ ఐదేళ్లలో నేర్చిన విద్యే.

"ఇలా ఇవ్వండి మేడమ్, చూద్దాం."

పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

"పిన్నులు తుప్పు పట్టాయి మేడమ్. ఈ తుప్పు కాగితాన్ని తినేస్తుంది. వెన్ను వంకర తిరిగింది. ఇదిగో, మూల మడత. ఇది పోదు. కాగితం చూడండి, ఎలా పచ్చబడిందో."

"అవునా?" అంటూ ఆవిడ కళ్లజోడు సవరించుకుంది.

"అయ్యయ్యో, ఇక్కడ జటాయువు రెక్కకి ఎవరో నీలం పెన్సిలు రుద్దేశారు."

"నేనే బాబూ. పదేళ్లప్పుడు. లోపల బొమ్మలన్నీ తెలుపూ నలుపూ కదా అని..."

"అందుకే కదండీ పిల్లల చేతికి ఇవ్వకూడదనేది."

ఆవిడ తప్పు చేసినదానిలా తలొంచుకుంది.

ఆఖరి కాగితానికి వచ్చాడు. దాని మీద ఒక కూపన్ అచ్చు వేసి ఉంది. దాన్ని కత్తిరించి పోస్టులో పంపితే జటాయువు ముఖం ఉన్న ఇత్తడి బిళ్ల ఇంటికొచ్చేది. ఆ కాలం పిల్లలందరూ కత్తిరించి పంపేశారు. కూపన్ ఉన్న ప్రతి గురించి వ్యాపారులు చెప్పుకోవడమే తప్ప కళ్లతో చూసినవాడు లేడు. ఇందులో కూపన్ చెక్కు చెదరకుండా ఉంది.

పైడిరాజు బొటనవేలు అక్కడ ఆగలేదు. ఆ కాగితాన్ని కూడా మిగతావాటిలాగే తిప్పి, పుస్తకం మూసేశాడు.

"ఏం చెప్పమంటారు మేడమ్. దీన్ని కొనేవాళ్లు దొరకడం కష్టం. మీరంత దూరం నుంచి వచ్చారు కాబట్టి, మర్యాదకి ఐదొందలిస్తాను."

ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు బాబూ. ఊరికే ఉంచుకోండి. నేనేదో గొప్పదనుకుని తెచ్చాను. పాపం, మీకెందుకు నష్టం?"

పైడిరాజు బలవంతంగా ఆ నోటు ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టి, తనది మంచి మనసే అనుకున్నాడు.

మీరావలి గారు ఇదంతా పక్కనే కూర్చుని విన్నాడు. ఆవిడ వెళ్లబోతుంటే ఒక్కటే అడిగాడు.

"బస్సు ఎన్నింటికమ్మా?"

"నాలుగింటికండీ."

"అందాకా ఆ మూల కూర్చోండి. టీ ఉంటుంది. మా పేరు చెప్పండి, డబ్బులడగరు."

ఆవిడ ఖాళీ ఎక్స్‌రే కవరు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లింది.

మీరావలి గారు ఆవిడ వెళ్లినవైపే చూస్తూ అన్నాడు. "కూపన్ చూశావా?"

"చూశాను."

"వేలు ఆగనివ్వకుండా దాటించావే. ఎక్కడ నేర్చావది?"

పైడిరాజు నవ్వాడు. "మీ దగ్గరే ఉస్తాద్."

ఆయన నవ్వలేదు.

రెండున్నరకు నాయుడు గారు వచ్చాడు. వస్తూనే బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమయ్యా రాజూ, ఫోనులో తెగ ఊరించావు. చూపించు మరి."

"చూపిస్తాను సార్. ముందు ఊపిరి పీల్చుకోండి." పైడిరాజు ప్లాస్టిక్ కవరులో పెట్టిన పుస్తకాన్ని ఒడిలోనే ఉంచుకున్నాడు. సరుకు చేతికివ్వకముందే కొనేవాడి కళ్ల ముందు నిలబెట్టాలి. అందులో అతన్ని మించినవాడు ఆ హాల్లో లేడు. "యాభై ఏళ్లనాటి అట్ట సార్. రంగు నిన్న ప్రెస్సులోంచి వచ్చినట్టుంది. ఒక్క కాగితం ఊడలేదు. వీటన్నిటినీ పక్కన పెట్టండి, అసలు సంగతి వేరే ఉంది..."

మీరావలి గారు మోకాళ్లు పట్టుకుని లేచాడు. టీ ఇచ్చే మూలకు నడిచి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెంట ఎస్తేరు రాణి ఉంది, చేతిలో సగం తాగిన టీ గ్లాసుతో.

ఆయన తన కుర్చీని నాయుడు గారి పక్కకు జరిపాడు.

"కూర్చోండమ్మా. మావాడు పుస్తకం గురించి చెబుతున్నాడు. బాగా చెబుతాడు."

తను బల్ల తుడిచే గుడ్డ తీసుకుని పుస్తకాల మీది దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

పైడిరాజు ఒడిలోని పుస్తకం మీద చెయ్యి కప్పాడు.

"ఏ పుస్తకం బాబూ? నాదేనా?" అంది ఆవిడ.

"చెప్పవయ్యా," అన్నాడు నాయుడు గారు. "అసలు సంగతన్నావు. కూపన్ ఉందా ఏంటి కొంపదీసి?"

పైడిరాజు ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు. ఒక కవరు మీద లేని మరకను తుడుస్తున్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పుస్తకం ఇంకొకటని చెప్పొచ్చు, నాయుడు గారిని పక్కకు తీసుకెళ్లొచ్చు. దారులన్నీ అతనికి తెలుసు. కాని ఆవిడ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తన పుస్తకం గురించి ఒక మంచి మాట చెబుతారేమోనని చూస్తోంది. ఇందాక ఆ చూపుతోనే వచ్చింది. దాన్ని ఆర్పి పంపింది తనే.

అతను స్టూలు ఆవిడ వైపు తిప్పుకున్నాడు.

"అమ్మా, ఈ అట్ట రంగు ఇంత నిలిచిన ప్రతి నేనింతవరకూ చూడలేదు. కాగితాలన్నీ ఉన్నాయి. ఆఖర్న కూపన్ ఉంది. అది కత్తిరించకుండా ఉన్న పుస్తకం లోకంలో ఇంకొకటి ఉందో లేదో తెలీదు. ఇది దొరికితే చాలని నేను ఏడాదిగా తిరుగుతున్నాను."

నాయుడు గారు భూతద్దం తీశాడు. ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు.

"ఇందాక ఈ మాటలు చెప్పలేదు బాబూ," అంది ఆవిడ. కోపంగా అనలేదు.

"చెప్పలేదమ్మా."

"మరి తుప్పు? నా నీలం రంగు?"

"అవి లోపాలేనమ్మా. వాటిల్లో అబద్ధం లేదు."

ఆవిడకు నవ్వొచ్చింది. పొద్దుటినుంచి అదే మొదటిసారి. చెయ్యి చాపితే పైడిరాజు పుస్తకం ఇచ్చాడు. ఆవిడ కవరులోంచి తీసి ఆఖరి కాగితం తెరిచింది.

"ఆ ఇత్తడి బిళ్ల కోసం వారం రోజులు ఏడ్చాను. మా నాన్న కత్తెర చేతికిచ్చాడు, కత్తిరించుకోవే అని. పెట్టబోయి ఇటు తిప్పి చూశాను. ఇదిగో."

కాగితం తిప్పి చూపించింది. కూపన్‌కు సరిగ్గా వెనకవైపు కథలో ఆఖరి బొమ్మ ఉంది. ఉక్కు జటాయువు ఒక దీపస్తంభం మీద వాలి, రెక్కలు విప్పి పక్కన పెట్టి, మామూలు మనిషిలా నిద్రపోతున్నాడు.

"కత్తిరిస్తే వీడు పోతాడు కదా," అంది ఆవిడ.

పైడిరాజు ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయాడు. ఆ వరసలో ఎన్ని పుస్తకాలు కొన్నాడో, ఎన్ని అమ్మాడో. కథ ఏమిటో ఒక్కదాంట్లోనూ చదవలేదు.

నాయుడు గారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నాకివ్వండి. ఎనభై వేలిస్తాను, ఇక్కడికిక్కడే."

ఆవిడ మీరావలి గారి వైపు తిరిగింది. "నిజంగా అంత పలుకుతుందాండీ?"

"ఇంకా ఎక్కువే పలుకుతుందమ్మా."

"ఏం సాయిబూ, నువ్వెవరి పక్షం?" అన్నాడు నాయుడు గారు.

ఆవిడ పుస్తకం మూసింది. "అయితే నా తర్వాత ఎవరూ దీన్ని తక్కెట్లో వెయ్యరు. ఇంత పలుకుతుందని ఒక కాగితం ముక్క మీద రాసి పెడితే చాలు. నేనున్నన్నాళ్లూ నా దగ్గరే ఉండనీండి."

ఐదొందల నోటు తీసి బల్ల మీద పెట్టింది. పైడిరాజు పుస్తకాన్ని మళ్లీ ప్లాస్టిక్ కవరులో దింపి, అంచు అంటించి, దాన్ని ఎక్స్‌రే కవరులో పెట్టి ఇచ్చాడు.

"ఈ కవరుకెంత బాబూ?"

"ఏం వద్దమ్మా. పిన్నులకు మాత్రం చెమ్మ తగలనివ్వకండి."

ఆవిడ బస్సుకు బయలుదేరింది. నాయుడు గారు లేచాడు.

"ఏడాది తిప్పావు కదయ్యా నన్ను," అన్నాడు పైడిరాజుతో. "సాయిబూ, శిష్యుణ్ణి బాగా తయారు చేశావు." భూతద్దం జేబులో వేసుకుని వేదిక మీది బల్లల వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

సాయంత్రం గురుశిష్యులిద్దరూ పుస్తకాలు పెట్టెల్లో సర్దారు. ఆఖరి పెట్టెకు తాడు బిగిస్తూ పైడిరాజు అన్నాడు.

"పొద్దున్నే ఆపొచ్చు కదా ఉస్తాద్, ఆవిడ ముందు నేను మాట్లాడుతున్నప్పుడే."

మీరావలి గారు ముడి మీద వేలు పెట్టి పట్టుకున్నాడు, తాడు జారకుండా.

"అప్పుడు ఆపితే బేరం ఒక్కటే పోయేదిరా. పుచ్చుపన్నే చూసే నీ చూపు పోయేది కాదు."

ఆ తర్వాత నాయుడు గారు వాళ్ల బల్ల దగ్గర ఆగలేదు. పైడిరాజు పేరు మీద బల్ల పడడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.