ఉపగ్రహం ముందు అడవినే ఎందుకు చూస్తుంది

ఒకప్పుడు, దుమ్ముకి ఇంకా ఆకాశం దాకా ఎగరడం రాని కాలంలో, గాలి కడిగిన అద్దంలా ఉండేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి అప్పుడు ఒకటే పని, నేల రంగు చూసి మబ్బుకి చెప్పడం. ఎండిన నేల తెల్లగా మెరుస్తుంది. తడిసిన నేలా, దట్టమైన అడవీ నల్లగా కనిపిస్తాయి. "ఆ చేను తెల్లబడింది, వెళ్లి కురువు" అనగానే మబ్బు వెళ్లి కురిసేది. అంత ఎత్తు నుంచి సుంకమ్మవ్వ చీర అంచు రంగు కూడా చెప్పేసేది ఉపగ్రహం.

సుంకమ్మవ్వకి కొండ కింద ఒక జొన్నచేను ఉంది. ఒకరోజు కళ్లంలో జొన్నలు తూర్పారపడుతోంది. చేట పైకెత్తి గింజలు జారవిడిస్తే గాలి పొట్టుని పక్కకి తోసేస్తుంది. అప్పుడు గాలిని పలకరించి పని చెప్పడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. కళ్లల్లో దుమ్ము పడి అవ్వకి విసుగొచ్చింది.

"గాలి నాయనా, ఈ దుమ్మును యాడికన్నా తీస్కపో. మళ్లా నేల మీదికి రానియ్యాకు" అంది.

గాలి చెప్పిన మాట వినే రకం. దుమ్ముని చంకనెత్తుకుని పైకి పోయింది. దుమ్ముకి ఆ ఎత్తు భలే నచ్చింది. ఉపగ్రహానికీ నేలకీ మధ్య తెర కట్టినట్టు పరుచుకుంది.

జొన్న మళ్లీ వేశారు. ఎండకి తెల్లగా మెరవాల్సిన అవ్వ చేను దుమ్ములోంచి మసకగా కనిపించింది. "తడిగానే ఉంది" అనుకుంది ఉపగ్రహం. నల్లటి అడవి మీదేమో దుమ్మే ఎండకి మెరిసింది. "పాపం, అడవి ఎండిపోయింది" అని మబ్బుని ప్రతిసారీ అటే పంపింది.

చేలో పైరు మోకాలెత్తులో వాడిపోయింది. ఇంకో వారం ఇలాగే ఉంటే గింజ కూడా చేతికి రాదు. అవ్వ గట్టు మీద నిలబడి తల పైకెత్తింది.

"ఏం నాయనా, నా చేను నీకు కనపళ్యాదా?"

"కనిపిస్తోందవ్వా. తడిగానే ఉందిగా."

"అడివి ఎట్లుంది?"

"తెల్లగా ఉంది."

అవ్వకి తను గాలికి చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఆ అడివి నా చిన్నప్పటి నుంచి నల్లగానే ఉండాది నాయనా. నువ్వు చూసే తెలుపు దుమ్ముది. మేం నూనె తూకం వేసేటప్పుడు ముందు ఉత్త చెంబును తూకం వేసి, ఆ బరువు తీసేస్తాం. నువ్వూ అట్లనే ముందు అడివిని చూడు. అది ఎంత తెల్లగా కనపడితే అంత దుమ్ము ఉన్నట్టు. దాన్ని తీసేసి అప్పుడు నా చేను చూడు."

ఉపగ్రహం అలాగే చూసింది. దుమ్ముని తీసేసి చూస్తే చేను సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. సిగ్గుపడి మబ్బుని కేకేసింది.

మూడురోజులు వాన కురిసింది. వానతో పాటు దుమ్మూ కిందికి దిగింది.

"అవ్వా, నీ చీరది ఎర్రంచు" అంది ఉపగ్రహం.

"అవును నాయనా" అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

నేల ఆరగానే గాలి దుమ్ముని మళ్లీ ఎత్తుకుపోయింది. అవ్వ చెప్పిన మాట అది ఇంకా మరిచిపోలేదు.

అప్పటినుంచే ఏ నేల రంగు చెప్పాలన్నా ఉపగ్రహం ముందు నల్లటి అడవిని చూసుకుంటుంది. వాన వెలిసిన మర్నాడు మాత్రం దానికి ఆ పని ఉండదు. అవ్వ ఇప్పుడు లేకపోయినా, ఆ ఒక్కరోజూ కొండ కింద ఎర్రంచు చీర కోసం వెతుకుతుంది.