పోలమ్మ పిలిచిన బలశాలి

జాలరిపేటను లేపేసి అక్కడ మేడ కట్టాలని వచ్చిన రాజుగారి ఓడ, ఆ ఒడ్డునే ఇసుకలో దిగబడింది. ఏనుగులు లాగినా కదల్లేదు.

"దీన్ని కదిలించండి, పేటను వదిలేస్తాను," అన్నాడు రాజు.

జాలరి ముసలమ్మ పోలమ్మకు ప్రాణం లేచొచ్చింది. "దీన్ని నేల కిందికి లాక్కుంటోంది ప్రభూ. పైకి లాగేవాణ్ణి పౌర్ణమికి పిలుస్తాను," అంది.

పౌర్ణమి సాయంత్రం చంద్రుడు పైకెక్కేకొద్దీ, ఆయన లాగుడుకు సముద్రం పొంగింది. పోటునీళ్లలో ఓడ తేలింది.

"లాగింది చంద్రుడు, నువ్వు కాదు! మాట చెల్లదు," అన్నాడు రాజు.

"నిజమే ప్రభూ. అయితే మీరు మాట తప్పేది ఆయనకి. రేపు ఓడ మళ్లీ దిగబడితే ఎవరిని పిలవమంటారు?"

రాజు తలెత్తి చంద్రుణ్ణి చూశాడు. "మేడ ఇంకోచోట కట్టండి," అన్నాడు మంత్రితో.

పేటంతా కేరింతలు కొడుతుంటే, పోలమ్మ తన గుడిసెకేసి చూసుకుని తృప్తిగా నవ్వుకుంది.