కాగని చెరుకురసం

పేర్రాజు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళడం అరుదు. ఏదో ఒక పని పట్టుకుని వెళ్ళేవారు. నది ఒడ్డునున్న చక్కెర ఫ్యాక్టరీలో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక, ఎండ వాలిన వేళ తన వీధి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి యంత్రాల సంగతులు చెప్పేవారాయన. "ముందు కన్ను, తరవాత చెయ్యి, ఆఖర్న సుత్తి" అనేది ఆయన మొదటి పాఠం. సుత్తి దాకా వచ్చిన సందర్భం మాత్రం శిష్యులెవరికీ జ్ఞాపకం లేదు.

ఒక సాయంత్రం కాత్యాయని చెప్పులైనా విప్పకుండా అరుగు ముందు నిలబడి అడిగింది. "మాస్టారూ, తెరిచి చూడకుండా లోపలి జబ్బు ఎలా తెలుస్తుంది?"

ఆ అమ్మాయి ఆయన దగ్గరే పాఠం చెప్పించుకుని, ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలోనే ఇంజనీరుగా చేరింది. ఇదే మొదటి సీజను. చెరుకురసం కాచే హీటరు ఆమె అజమాయిషీలో ఉంది. హీటరంటే పెద్ద ఇనుప పీపా, దాని పొడుగునా సన్నటి ఇత్తడి గొట్టాలు. గొట్టాల్లోంచి రసం పోతుంది, గొట్టాల చుట్టూ ఆవిరి తిరుగుతుంది. మడి కట్టుకున్న అత్తగారూ మడి లేని కోడలూ ఒకే వంటింట్లో మెసిలినట్టు, ఒకదాన్నొకటి ముట్టుకోవు. వేడి మాత్రం ఇటు చేరుతుంది.

సీజను కొత్తలో రసం సలసల కాగి వచ్చేది. రానురాను వేడి తగ్గింది. వేడి చాలకపోతే రసంలో మడ్డి అడుక్కి దిగదు, పంచదార మట్టిరంగు తేలుతుంది. గొట్టాలకి గార పట్టిందని మేనేజరుగారు తేల్చేశారు. తెల్లారగానే ఫ్యాక్టరీ ఆపి, హీటరు విప్పి, ఇనుప ఊచలతో గొట్టాలు గీకించమన్నారు. అవా, ఏళ్ళ తరబడి గీకించుకుని కాగితాల్లా పలచబడ్డ గొట్టాలు. ఒక్కటి చిల్లుపడినా రసం వెళ్ళి బాయిలరు నీళ్ళలో కలుస్తుంది. ఇక సీజను మాట దేవుడెరుగు. గేటు బయట చెరుకు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. కోసిన చెరుకు ఎండకు ఆగేది కాదు.

"ఊచ దింపితే చిల్లు, దింపకపోతే చెడ్డపేరు" అంది కాత్యాయని.

"పసిపిల్లకి ఒళ్ళు వెచ్చబడితే ఏం చేస్తావమ్మా?"

"చెయ్యి పెట్టి చూస్తాను."

"పొట్ట కొయ్యవూ?"

అంత దిగుల్లోనూ ఆమెకు నవ్వొచ్చింది. మాస్టారు కండువా భుజాన వేసుకుని, లోపలికెళ్ళి మరచెంబుతో నీళ్ళు పట్టుకొచ్చారు.

"ఫ్యాక్టరీలో నీళ్ళు లేవుటండీ?" అని వంటింట్లోంచి భార్య అడిగింది.

"నీళ్ళున్నాయి. చెంబు లేదు" అని మెట్లు దిగారు.

హీటరు దగ్గర గవరయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏళ్ళుగా దాన్ని నడిపేవాడు అతనే. సరిగ్గా కడిగించలేదన్న మాట ఆ రోజంతా పడుతూనే ఉన్నాడు. నోరు విడిచి అనకపోయినా కాత్యాయనికీ ఆ అనుమానం లేకపోలేదు.

"బాబుగోరూ, సీజనుకి ముందు నానే దగ్గరుండి తోమించానండి" అన్నాడు.

"నిన్నెవరు అడిగారయ్యా? దాన్ని అడుగుదాం" అని మాస్టారు కాత్యాయని వైపు తిరిగారు. "గార పడితే దారి ఇరుకవుతుంది. ఇరుకు సందులోంచి తీర్థానికొచ్చిన జనాన్ని తోయాలంటే వెనకనుంచి ఎక్కువ బలం పెట్టాలి. పంపు అలా కష్టపడుతోందా?"

ఆమె రసం వెళ్ళేచోటా వచ్చేచోటా ఒత్తిడి చూపించే ముళ్ళు చూసింది. "లేదు మాస్టారూ. మొదటిరోజు ఎంత తేడా ఉందో ఇప్పుడూ అంతే."

"ఆవిరి?"

"అదీ రావలసిన జోరుతోనే వస్తోంది."

"వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. మధ్యలో ఎవరో తిష్ఠ వేశారన్నమాట."

ఆయన చెంబులో వేళ్ళు ముంచి, ఆవిరి లోపలికొచ్చే వైపు, వేడి పోకుండా చుట్టిన కప్పు లేనిచోట, ఇనుప అంచు మీద నీళ్ళు చిలకరించారు. అట్లపెనం కాగిందో లేదో చూసుకునే ఇల్లాలు ఎలా చిలకరిస్తుందో, అలాగే. చుయ్యిమంది. చిలకరించుకుంటూ అవతలి కొసకి నడిచారు. అక్కడ నీటిబొట్లు కిక్కురుమనకుండా జారి కిందపడ్డాయి.

కాత్యాయని కాసేపు ఆ తడి చూస్తూ నిలబడింది. "ఆవిరి ఇక్కడిదాకా రావడం లేదు. ఆవిరితోపాటు కొద్దికొద్దిగా వచ్చే గాలంతా ఈ మూల పేరుకుంది. అది పోవడానికి పైన చిన్న గొట్టం ఉండాలి..." అంటూ తలెత్తి, ఆగిపోయింది.

ఆ గొట్టాన్ని తెరిచి మూసే చక్రం తలకి కాస్త ఎత్తున ఉంది. చుట్టూ అన్నీ మసీ నూనే. అదొక్కటే పసుపు రాసి, నడిమధ్య గుండ్రని కుంకుమబొట్టుతో, ఇప్పుడే పేరంటానికి బయల్దేరిన ముత్తయిదువలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. సీజను మొదలుపెట్టే పూజ ఇక్కడే చేశారు. ఆ గొట్టంలోంచి బుసకొడుతూ వచ్చే గాలికి హారతి ఆరిపోతోంది, పంతులుగారి మంత్రం వినపడడం లేదు. హారతి కాగానే తీద్దాంలే అని చక్రం తిప్పి మూసింది ఆమే. అన్నిటితోపాటు దానికీ బొట్టు పెట్టింది ఆమే. తరవాత ప్రసాదాలు, మొదటి రసం తీర్థాలు. ఆ సందట్లో మరిచిపోయింది.

"ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ తియ్యలేదా గవరయ్యా?"

"బొట్టెట్టిన చక్రం కదండి అమ్మగోరూ, చెయ్యెయ్యడానికి మనసొప్పలేదు. చుట్టూ తుడిసేవోణ్ణి. వెలిసినప్పుడల్లా నానే కుంకం దిద్దేవోణ్ణి." అతను కాస్త తటపటాయించి, "తమరే మూశారు కదండి, కారణముంటాదనుకున్నాను" అన్నాడు.

ఆమె మొహం కందిపోయింది. మాస్టారు చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారంతే.

కాత్యాయని ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చక్రం మీద అరచెయ్యి వేసి తిప్పింది. ముందు చప్పటి గాలి నిట్టూర్పులా వచ్చింది. తరవాత తుంపర, ఆ తరవాత తెల్లటి ఆవిరి. గవరయ్య ఎవరూ చెప్పకుండానే మాస్టారి చేతిలో చెంబు అందుకుని అవతలి కొసన చిలకరించాడు. ఏమీ లేదు. కాసేపాగి మళ్ళీ చిలకరించాడు. చుయ్యిమంది. అతను గట్టిగా నవ్వేశాడు.

"నీ మీద అనుమానపడ్డాను గవరయ్యా" అంది కాత్యాయని.

"పోనిద్దురూ, మన హీటరు మాటాడింది, సాలు" అన్నాడు.

రసం వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేచి, ఉండవలసిన చోట నిలబడ్డాక కాత్యాయని వెళ్ళి మేనేజరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఊచలు కొట్టుగదిలోనే ఉండిపోయాయి. చెరుకు బళ్ళు కదిలాయి.

మాస్టారిని ఇంటిదాకా దిగబెడుతూ దారిలో ఆమె తన అరచెయ్యి చూసుకుంది. ఎర్రగా, కుంకుమ అంటుకుని ఉంది. గుమ్మం దగ్గర అడగనే అడిగింది.

"అయితే మాస్టారూ, ఇకమీద చక్రాలకి బొట్టు పెట్టొద్దంటారా?"

ఆయన ఖాళీ చెంబు భార్య చేతికిచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అన్నారు.

"పెట్టమ్మా, తప్పకుండా పెట్టు. రోజూ చేతులు పడి చెరుగుతోందో లేదో చూసుకో."