రెండు కుండల నాంచారమ్మ

దా అమ్మడూ, ఇటు జరుగు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. నా నడుము ఈపూట నా మాట వినట్లేదు, అందుకని పడుకునే చెబుతా. మధ్యలో నాకు కునుకు పడితే కుదపకు. కథ ఎక్కడిదాకా వచ్చిందో నువ్వు గుర్తు పెట్టుకో, చాలు.

అనగనగా ఒక ఊళ్ళో అందరూ మిరపతోటలే వేసేవాళ్ళు. మాఘమాసం వస్తే కళ్ళాలన్నీ ఎర్రగా ఉండేవి. ఆ ఊరికి వచ్చే చుట్టాలు పొలిమేర దగ్గర్నించే తుమ్ముకుంటూ వచ్చేవాళ్ళు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒక కోడలు ఉండేది. ఆవిడ మొగుడు సాంబయ్య, ఇద్దరు మరుదులు, అత్తగారు వెంకాయమ్మ. ఇంటిల్లిపాదికీ వండేది మాత్రం నాంచారమ్మ ఒక్కతే.

వెంకాయమ్మకి పద్ధతులు ఎక్కువ. వంట చేసేవాళ్ళు రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. కోడలు అందరూ తిన్నాకే తినాలి. దీపాలు పెట్టేవేళ ఎవరూ నడుం వాల్చకూడదు, లక్ష్మి గడప దాటి వెళ్ళిపోతుంది. ఈ మూడు మాటలూ ఆవిడ రోజూ చెప్పేది. ఇంట్లో చెబితే వీధి చివరిదాకా వినపడేది.

అట్లాంటి నోరు ఒక ఏడు పూసింది. నాలిక పగిలింది, కడుపులో మంట. అప్పుడు పట్నం డాక్టరు చూసి, ఇక ఈ జన్మకి కారం ముట్టొద్దన్నాడు.

అప్పటినించీ నాంచారమ్మకి రెండు కుండలు మొదలయ్యాయి. మగవాళ్ళకి కారం కుండ, అత్తగారికి చప్పిడి కుండ. రెండు పొయ్యిలు ఊదడం, రెండు తాలింపులు వెయ్యడం, రెండు కుండలు తోమడం.

ఏంటీ? చప్పగా వండితే ఎవరికి కావలసిన కారం వాళ్ళు చల్లుకోవచ్చుగా అంటావా? నేనూ మా అమ్మమ్మని అదే అడిగా. ఆ మగవాళ్ళకి కారం కూరలో ఉడకాలట. పైన చల్లుకుంటే పథ్యం తిన్నట్టుంటుందట. వండేది వాళ్ళు కాదుగా, ఎన్నయినా చెబుతారు.

కారం తాలింపు ఘాటుకి వెంకాయమ్మకి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అందుకని కంచం పట్టుకుని బయట అరుగు మీద ఒక్కతే కూచుని తినేది. లోపల అందరి నవ్వులూ వింటూ తినేది. నాంచారమ్మ లోపలికీ బయటికీ తిరిగి వడ్డించేది. అందరూ తిన్నాక తనకి తినాలని కూడా ఉండేది కాదు. అంత అలిసిపోయేది పిచ్చిది. ఒక్కపూట, ఒకే కుండ వండి, కూచుని తినాలి. ఆవిడ దేవుణ్ణి అడిగింది అంతే.

ఇట్లా ఉండగా పొరుగూళ్ళో పెళ్ళయింది. అక్కడ నాంచారమ్మ విస్తట్లో లావుపాటి ఆకుపచ్చ ముక్క ఒకటి పడింది. కొరికింది. మిరపకాయ వాసన ఉంది, కారం లేదు. అప్పుడు చెయ్యి అక్కడే ఆగిపోయింది. వంటాయన దగ్గరికి వెళ్ళి అడిగితే, "బుంగమిరపమ్మా. పట్నంలో క్యాప్సికం అంటారు," అని పొట్ట ఉబ్బిన కాయ చూపించాడు.

ఇది మా అత్త తినొచ్చు, మా మగవాళ్ళకీ మిరపకాయే అనుకుంది నాంచారమ్మ. వంటాయన తీసి పారేసిన గింజలన్నీ కొంగున కట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ తర్వాత గింజల్ని తడిగుడ్డలో మూటకట్టి పొయ్యిగట్టు వెచ్చదనానికి పెట్టింది. పది రోజులు చూసింది. ఇరవై రోజులు చూసింది. ఒక్కటీ మొలవలేదు. కుళ్ళి వాసనొచ్చాయి.

వెంకాయమ్మ మూట విప్పి చూసి, "పచ్చికాయ గింజ మొలుస్తుందటే? మిరపతోటలో పుట్టి మిరపతోటలో పెరిగావు. విత్తనానికి పండుకాయ కావాలని తెలీదా?" అంది. నాంచారమ్మకి తెలుసు. అలసటలో తెలిసింది కూడా గుర్తురాదు, అంతే. ఆ ఏడు పోయింది.

మరుసటేడు సాంబయ్య పట్నం వెళ్ళి, బజారంతా తిరిగి, ఎర్రగా పండిన బుంగమిరపకాయ ఒకటి తెచ్చాడు. దాన్నిండా గింజలే. నాంచారమ్మ అన్నీ నానబోసేదే. వెంకాయమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "విత్తనం అంతా ఊడ్చి వేస్తారటే ఎవరన్నా?" అని సగం తీసి, బూడిదలో కలిపి, చిన్న చట్టిలో పోసి, తన మంచం కింద పెట్టుకుంది.

ఈసారి ఎనిమిదో రోజున తెల్లగా మొలకలు కనపడ్డాయి. అప్పుడు నాంచారమ్మ కొబ్బరిచిప్పలకి అడుగున చిల్లులు పెట్టి, మాగిన పేడ ఎరువూ మట్టీ కలిపి నింపి, చిప్పకొక మొలక పెట్టింది. నాలుగాకులు వేశాక పెరట్లో మిరపచెట్ల పక్కన ఖాళీ ఉంటే అక్కడ నాటింది. ఎండకి పూత రాలిపోతుంటే పాత చీర పందిరిలా కట్టింది. ఆకు ముడుచుకుంటే పులిసిన మజ్జిగ చల్లింది. ఇవన్నీ రెండు కుండలు వండుతూ చేసిందమ్మడూ, మానేసి కాదు.

అంతా చేస్తే నాలుగు కాయలు నిలిచాయి. ఒకటి కోసి వెంకాయమ్మకి చిన్న ముక్క ఇచ్చింది. ఆవిడ మెల్లిగా నమిలింది. "మిరపకాయేనే," అంది. కళ్ళు తుడుచుకుంది, కారానికి కాదు. "నాలుగు కాయలు ఇంటికేం చాలుతాయి? పండనివ్వు, విత్తనం కడదాం," అంది. ఇంకో ఏడు ఆగారు.

మూడో ఏడు ఆ విత్తనం వేస్తే పాతిక చెట్లు లేచాయి. కాయలు విరగకాశాయి. కొంచెం సన్నగా ఉన్నాయి, అయినా నిగనిగలాడుతున్నాయి. కాయలు కోసిన రోజు నాంచారమ్మ ఒకటే పొయ్యి వెలిగించింది. కాయలు చీల్చి, సెనగపిండి కూరి, కమ్మగా వేయించింది. రుచి చూడలేదు. చూడకూడదుగా, ఎంగిలి. అరుగు మీద అత్తగారికి వడ్డించి, ఇన్నేళ్ళకి మొదటిసారి ఆవిడ ఎదురుగా కూచుంది. గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూచుంది.

వెంకాయమ్మ ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. మూడో ముద్ద తింది. అప్పుడు పెదాలు వాచి, దగ్గు ముంచుకొచ్చి, పక్కకి ఒరిగిపోయింది.

కాయలు కారం, అమ్మడూ. మామూలు మిరపకాయంత కారం.

రెండు రోజులు మజ్జిగ తప్ప ఏదీ దిగలేదు ఆవిడకి. నాంచారమ్మ మంచం పక్కన కూచుని ఏడుస్తూ, "మొదటి ముద్దకే తెలిసుంటుందిగా అత్తా. ఎందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు కూచున్నావే," అంది వెంకాయమ్మ మెల్లిగా. "చెబితే లేస్తావు. నువ్వొచ్చి ఇన్నేళ్ళయింది, కూచోగా నేను చూళ్ళేదు. ఇంకాసేపు కూచుంటావని తిన్నా."

నాంచారమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి, చప్పిడి కుండ కడిగి, మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. పెరట్లో చెట్లు పీకేస్తానంది. నావల్ల కాదు, ఇక చాలంది. నిజంగానే చాలనిపించింది ఆవిడకి.

అప్పుడు వెంకాయమ్మ మంచం మీదినించే పెరడు చూస్తూ ఆలోచించింది. ఆ బుంగమిరప పూల మీద తేనెటీగ వాలింది. అది లేచి కారంమిరప పూల మీద వాలింది. మళ్ళీ ఇటు వచ్చింది. "అదీ సంగతి," అంది ఆవిడ. "పోయినేడు కాయలోకి రాలేదు కారం, దాని గింజలోకి ఎక్కింది. ఊరంతా కారమే కాబట్టి ఎప్పుడూ ఎవరికీ పట్టలేదు. దీన్ని కారంచెట్ల మధ్య పెట్టనిచ్చింది నేనే. తప్పు నాదే నాంచారీ."

వెంకాయమ్మ తప్పు ఒప్పుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. సాంబయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఆవిడ మంచం కిందినించి బూడిద చట్టి తీసింది. పట్నం కాయ గింజలు, ఈ ఊరి తేనెటీగ తాకనివి. "నువ్వు ముట్టుకోకు, నీకు పనులున్నాయి," అని తనే మూట కట్టింది. తనే చిప్పల్లో పెట్టింది. మొగ్గ తొడగ్గానే తన పాత నేతచీర చింపి, విత్తనానికి ఉంచుకున్న కొమ్మలకి చిన్నచిన్న గుడ్డసంచులు కట్టింది, మళ్ళీ ఏడు గింజ పాడవకుండా. వణికే చేతులు కదా, ఒక్కో ముడికి ఎంతో సేపు పట్టేది. తేనెటీగ దూరదు కాబట్టి, కాయ కట్టాలని సంచిలో ఉన్న పూలని రోజూ పొద్దున్నే వేలితో కాస్త కదిపేది.

మాఘంలో కాయలు దిగాయి. గుండ్రంగా, పొట్టలేసుకుని. నాంచారమ్మ ఒకటే కుండ పెట్టింది. వెంకాయమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కారం తాలింపు లేదుగా, దగ్గు రాలేదు.

"రుచి చూడు ముందు," అంది.

"ఎంగిలవుతుంది అత్తా."

"అవనీ."

నాంచారమ్మ చూసింది. తియ్యగా ఉంది. మిరపకాయే, తియ్యగా ఉంది.

"కంచాలు ఐదు వెయ్యి. నీదీ వెయ్యి," అంది వెంకాయమ్మ, వచ్చి అందరి మధ్యలో కూచుంటూ. మిరపకోతల రోజులు కదా, పొద్దు వాలకముందే అందరూ తిన్నారు. సాంబయ్య ఒక కాయ కొరికి, అలవాటు కొద్దీ మంచినీళ్ళ చెంబు అందుకున్నాడు. మరుదులు నవ్వారు. వెంకాయమ్మ పగలబడి నవ్వింది. చప్పగా ఉందని మాత్రం ఒక్కరూ అనలేదు.

తిన్నాక తోమాల్సింది ఒక్క కుండే. నాంచారమ్మ అది తోమి బోర్లించింది. తర్వాత రెండో కుండ కోసం చెయ్యి చాపింది. రెండో కుండ లేదు. చేతినిండా పనుండే మనిషికి పని లేకపోతే ఏం చెయ్యాలో తోచదు. వంటింట్లో గచ్చు మీద కాసేపు కూచుంది. అక్కడే ఒరిగింది. నిద్రపట్టేసింది.

దీపాలవేళ అయింది. సాంబయ్య లోపలికొచ్చి చూసి కంగారుపడ్డాడు. "అమ్మా, దీపాలవేళ పడుకుంది. లేపనా?"

"లేపావంటే ఊరుకోను," అంది వెంకాయమ్మ. వీధి చివరిదాకా వినపడే మనిషి, పక్కవాడికి కూడా వినపడీ వినపడనట్టు అంది.

"లక్ష్మి వెళ్ళిపోతుందంటావుగా?"

"పోనీరా. పోతే మళ్ళీ వస్తుంది. దీన్ని మాత్రం లేపొద్దు."

అని, గోడ పట్టుకుని లేచి, ఆ సాయంత్రం దీపం తనే పెట్టింది. వెలుగు కోడలి కళ్ళ మీద పడకుండా కొంచెం పక్కకి జరిపి పెట్టింది.

ఏం అమ్మడూ, కళ్ళు మూసుకున్నావా? మూసుకో. నాకూ మూతలు పడుతున్నాయి.

కథేమో కంచికి,
కుండేమో గూటికి,
అత్తేమో దీపానికి,
కోడలేమో కునుక్కి,
నువ్వేమో నా పక్కకి,
మనమిద్దరం నిద్రకి.