నక్కల చెలమ ఊరైన కథ

అనగనగా ఒక ఊరు. ఊరు అంటున్నాను గానీ చిట్టీ, అప్పటికది ఇంకా ఊరే కాదు. పెద్ద కొండ, కొండ నెత్తిన చాప పరిచినట్టు బయలు. చెట్టన్నది లేదు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా బండలు, పొద్దస్తమానం గాలి.

వానలు పడగానే కింది ఊళ్ళ గొర్రెలవాళ్ళు మందలు తోలుకుని ఆ బయలుకు ఎక్కేవాళ్ళు. గడ్డితో గుడిసెలు వేసుకునేవాళ్ళు. ఉగాది దాటి వాననీళ్ళ గుంటలు ఎండుముఖం పట్టాయంటే మళ్ళీ అందరూ దిగిపోయి ఏటి గట్టుకు చేరేవాళ్ళు. ఎండాకాలం ఆ బయలు మీద ఎవరూ ఉండరు. ఉండలేరు. తాతల నాటినుంచీ అంతే.

ఆ గొర్రెలవాళ్ళలో బీరప్ప అని ఒకడు. అతని తల్లి సణ్ణమ్మ. అతని పెళ్ళాం మాళక్క. కొత్తగా కాపురానికి వచ్చింది. ఏది చూసినా ఎందుకు, ఎలా అని అడగందే ఆ పిల్లకు తోచేది కాదు.

మొదటి ఏడాది వానలకు తిరిగి వచ్చేసరికి, వాళ్ళు వదిలిపోయిన పొయ్యిలో పిట్ట గుడ్ల పెంకులు కనిపించాయి. రెండో ఏడు, బీటలు వారిన గుంట చుట్టూ జింక గిట్టల గుర్తులు. మూడో ఏడు, గుడిసె వెనక బండ కింద నక్క పిల్లలు. బొద్దుగా ఉన్నాయి.

"అత్తా, మనం లేనప్పుడు ఇక్కడ ఎవరెవరో ఉంటుండారు. నీళ్ళు లేకుంటే ఆ తల్లి నక్క పిల్లలకు పాలెట్లా ఇచ్చింది?" అని అడిగింది మాళక్క.

సణ్ణమ్మ ఉన్ని వడుకుతూ తల కూడా ఎత్తలేదు. "నక్క సంసారం నీకెందుకే? ముందు నీ సంసారం చూసుకో" అంది.

ఆ తర్వాతి ఏడు, సరిగ్గా కొండ దిగే వేళకు సణ్ణమ్మ బండ మీదినుంచి జారి పడింది. తుంటి ఎముక విరిగింది. డోలీ కట్టి మోసుకుపోదామని ఎత్తబోతే, ఆమె పెట్టిన కేకకు గొర్రెలు కూడా బెదిరాయి. కొండ దారేమో నిటారు. గుంటల్లో అడుగు నీళ్ళే మిగిలాయి. ఇంకా ఆగితే మంద చస్తుంది.

"నన్నిక్కడే పెట్టి పోండ్రా" అంది సణ్ణమ్మ.

"అత్తకు తోడు నేనుంటా" అంది మాళక్క.

బీరప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు గుంటలో ఉన్న నీళ్ళన్నీ కుండలకెత్తి పెట్టాడు. "మందను ఏటికి చేర్చి, తోలు తిత్తుల్లో నీళ్ళు నింపుకుని వస్తా. పొదుపుగా వాడుకోండి" అన్నాడు. వెనక్కి తిరిగి చూసుకుంటూనే కొండ దిగాడు.

అంత పెద్ద బయలు మీద అత్తా కోడలూ ఇద్దరే మిగిలారు.

కుండలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. బీరప్ప రాలేదు. దారిలో గొర్రెలకు జబ్బు చేసి, కాళ్ళు పుండ్లయి, మంద అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. ఆ సంగతి వీళ్ళకేం తెలుసు? మాళక్క చెంబు అందిస్తే సణ్ణమ్మ పెదాలు తడుపుకుని, "నాకు దప్పిక లేదు, నువ్వు తాగు" అనేది. మాళక్క తాగినట్టు గుటక వేసి, ఆ నీళ్ళు మళ్ళీ కుండలో పోసేది. ఒకరి దొంగతనం ఒకరికి తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

చివరి కుండ సగానికి వచ్చింది. అప్పుడు మాళక్క నీళ్ళు వెతకడానికి బయలుదేరింది. మొదట జింకల గుర్తులు పట్టుకుని పోయింది. అవి బండల మీదికెక్కి మాయమయ్యాయి. ఆ తర్వాత పిట్టల గుంపు వెంట పడింది. అవి లోయ దాటి ఎగిరిపోయాయి. కాళ్ళు ఈడ్చుకుంటూ గుడిసెకు వచ్చింది.

సణ్ణమ్మ ఆమె ముఖం చూసి, "ఏమేం చూసినావు?" అని అడిగింది.

ఎన్నడూ ఏదీ అడగని అత్త అడిగేసరికి మాళక్క అన్నీ చెప్పింది. పిట్టల రెక్కల రంగుతో సహా చెప్పింది. సణ్ణమ్మ కళ్ళు మూసుకుని విన్నది. విని విని, "ఆ నక్క ఉండాదా ఈ ఏడు?" అంది.

"ఉండాది అత్తా. పిల్లల్ని కూడా పెట్టింది."

"అయితే పిల్లల్ని వదిలిపెట్టి అదెంత దూరం పోతాదిలే. దాని వెంట పోయి చూడు."

తెల్లవారుతూనే మాళక్క నక్క వెనక నడిచింది. అది ఆగితే తానూ ఆగింది. అది తిరిగి చూస్తే గడ్డిలో నక్కి కూర్చుంది. నక్క ఒక పెద్ద బండ చాటుకు పోయి, చాలాసేపటికి మూతి నాక్కుంటూ బయటికి వచ్చింది. మూతి తడిగా ఉంది.

బండ కింద నక్క గోళ్ళతో తవ్విన గుంట. చెయ్యి పెడితే ఇసుక చల్లగా తగిలింది. మాళక్క ఇంకాస్త తవ్వి, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఇసుక నల్లబడింది. ఆ తర్వాత, కంట్లో నీరు తిరిగినట్టు, మెల్లగా నీళ్ళు ఊరాయి.

అలా ఇసుకలో నీళ్ళూరే గుంటనే చెలమ అంటారు. మాళక్క చెంబు నింపుకుని, అడుగున కొంచెం నక్కకు వదిలేసి వచ్చింది. ఆ రోజు అత్తా కోడలూ ఒకరినొకరు చూసుకుంటూ కడుపునిండా తాగారు.

ఎన్నాళ్ళకో బీరప్ప తిత్తులు మోసుకుంటూ పైకి వచ్చాడు. గుడిసె కనబడగానే అతని కాళ్ళు ఆగిపోయాయి. లోపల ఏం చూడాల్సి వస్తుందో అని భయం. అప్పుడు సణ్ణమ్మ గొంతు వినబడింది. "సంగటి కలపవే, అడుగంటుతాంది."

బీరప్ప గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. "నీళ్ళు ఎక్కడివమ్మా?" అన్నాడు.

"కూర్చో. మొదటినుంచీ చెప్తా" అంది సణ్ణమ్మ. తానే నక్క వెంట నడిచినట్టు చెప్పింది.

ఆ పై ఏడాది కొండ దిగలేని ముసలివాళ్ళూ, నెలలు నిండిన ఆడవాళ్ళూ ఎండాకాలం అక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత చెలమ చుట్టూ రాళ్ళు పేర్చారు. గాలికి ఎగిరిపోని రాతి గోడల ఇళ్ళు కట్టారు. నక్కల చెలమ అని ఊరికి పేరు పెట్టారు. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ సణ్ణమ్మ ఆ కథ చెప్పింది. కానీ ఆమె కాలు మళ్ళీ నేల మీద ఆనలేదు. ఆ చెలమను ఆమె ఒక్కసారీ చూడలేదు.

బాగా ముసలిదయ్యాక ఒక పొద్దున, "మాళీ, నన్నోసారి అక్కడికి తీసుకుపోవే" అంది. మాళక్కకూ తల నెరిసింది. అయినా అత్తను వీపున వేసుకుని నడిచింది.

సణ్ణమ్మ వంగి చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది.

"ఇంతే అత్తా. గంపంత."

"నేను చెప్పేటప్పుడు ఇంకా పెద్దగా ఉంటాదే."

"మరి ఇంక మార్చి చెప్తావా?"

సణ్ణమ్మ ఒక దోసెడు తాగింది. మూతి తుడుచుకుంది. "ఎందుకు మార్చాల? మనిద్దరికీ సరిపోయింది కదా. పెద్దదే" అంది.

కథమ్మ కొండ దిగి కంచికి చేరె,
చిట్టమ్మ కంబళిలో వెచ్చగా దూరె.